గ్లవ్స్ వచ్చిన సోమవారం

గిలకలదిండి దగ్గర రొయ్యల షెడ్డు. ఆరుగురు ఆడవాళ్ళు ఐసు గుట్ట ముందు నిలబడి రొయ్యలు ఒలుస్తున్నారు. పూర్ణిమ ఫైలు తెరిచింది.

వీళ్ళ కష్టసుఖాలు విని రాయడమే ఆమె ఉద్యోగం. ఆ రాతను బట్టే రొయ్యలు కొనే విదేశీ కంపెనీ ఈ షెడ్డు మెడలు వంచుతుంది, లేదా వదిలేస్తుంది. ఈ నెలలో ఇది పదకొండో షెడ్డు. ఎవరేం చెప్పినా మనసుకి ఎక్కడం మానేసింది. మొద్దుబారిపోయింది, అంతే.

పూర్ణిమ వాళ్ళమ్మా ఇలాంటి షెడ్డులోనే ఒట్టి చేతులతో ఒలిచేది. ఓసారి రేషన్ షాపు మిషన్ మీద ఆరుసార్లు వేలు పెట్టింది. అది ముద్ర తీసుకోలేదు. "రొయ్యలు ఒలిచే చేతులకి గీతలెక్కడుంటాయి పిన్నీ? కన్ను చూపించు" అన్నాడు డీలరు గోపి. క్యూలో అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. ఈ ఉద్యోగంలో చేరింది ఆ నవ్వు మర్చిపోలేకే.

"ఎన్నేళ్ళ నుంచి చేస్తున్నారమ్మా?"

"పదేళ్ళండీ" అంది ముందున్నావిడ. తక్కినవాళ్ళూ అటూ ఇటూగా అంతే చెప్పారు.

"బాత్రూముకి వెళ్ళనిస్తారా?"

"ఎప్పుడంటే అప్పుడేనండీ."

"కూలి?"

"శనివారానికల్లా చేతిలో పెడతారండీ."

ఆవిడ చేతిలోంచి రొయ్య జారి కింద పడింది.

"కొత్త గ్లవ్స్ కదండీ, అలవాటు కాలేదు" అన్నాడు మేనేజరు జయప్రకాష్. "మొన్న సోమవారమే తెప్పించాం. అన్నాళ్ళూ ఒట్టి చేతులే. మీ దగ్గర దాచడం దేనికండీ?"

తప్పు ఒప్పుకున్న మేనేజర్ని ఇన్నాళ్ళకి చూసింది పూర్ణిమ. హమ్మయ్య అనిపించింది. నెల తర్వాత మొదటిసారి ఏదో ఒకటి అనిపించింది. అన్నిటికీ 'బాగుంది' అని టిక్కులు పెట్టేసింది. ఇంటికెళ్ళగానే అమ్మకి చెప్పాలి.

"సంతకాలు పెట్టిస్తారా?" కాగితం చాపింది.

"సంతకాలంటే పొద్దుపోతుందండీ. భోజనం వేళయింది, మీకు చేపల పులుసు చెప్పాను. వేలిముద్రలు వేయించేస్తా." తనే స్టాంపు ప్యాడ్ తెచ్చాడు. "ఊఁ, గ్లవ్స్ తీయండమ్మా, కానివ్వండి."

ఒక్కొక్కరే వచ్చి బొటనవేలు నొక్కి వెళ్ళారు.

పూర్ణిమ కాగితం అందుకుంది.

ఆరు ముద్రలూ, ఒక్క గీత కూడా చెదరకుండా, స్పష్టంగా పడ్డాయి.