ఏ రంగు తల్లీ?

ముసలాయన గాజు గొట్టంతో కొలనులో నీళ్ళు ముంచి, నాలుగు చుక్కల పరీక్ష మందు వేసి, మూత బిగించి ఆడించాడు.

ఎండకు ఎత్తి పట్టి చూశాడు. కళ్ళు చికిలించి పెదవి విరిచాడు.

"పాడు కళ్ళు, రంగే ఆనడం లేదు. ఇది ఏ రంగు తల్లీ?"

గట్టు మీద కూర్చున్న ఐదేళ్ళ పాప ఏమీ అనలేదు.

వాళ్ళమ్మ పోయి ఏడు నెలలు. ఆ రోజు నుంచీ పాప నోట మాట లేదు.

పెరట్లో ఈతకొలను కూడా వాళ్ళమ్మ ముచ్చటపడి కట్టించుకున్నదే. ఇప్పుడు అందులో దిగేవాళ్ళు లేరు. పాప మాత్రం నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని గంటలు గంటలు కూర్చుంటుంది. నీళ్ళు పాడైతే పిల్ల ఒంటికి పడదని నాన్న కంపెనీకి ఫోన్ చేశాడు. వాళ్ళు బుధవారం బుధవారం ఈ ముసలాయనను పంపుతున్నారు.

నాన్నకు పాపే లోకం. పొద్దున్నే తల దువ్వి, గౌనుకు జోడైన రిబ్బను వెతికి కట్టి మరీ ఆఫీసుకు వెళ్ళేవాడు. ఇంట్లో నాయనమ్మ ఉండేది.

రెండో బుధవారం కూడా ముసలాయన అదే అడిగాడు. మూడో బుధవారమూ అంతే. పాప గొట్టం వైపు చూసేది, తల దించుకునేది.

నాలుగో బుధవారం ఆయన తనలో తాను గొణుక్కున్నాడు.

"నీలం కాబోలు. నీలమైతే బస్తాడు సోడా పొడి కుమ్మరించాల్సిందే."

పాపకు ఉండబట్టలేదు.

"కాదు. పసుపు."

ముసలాయన గొట్టం కిందపెట్టి, జేబురుమాలుతో మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

ఆ సాయంత్రం పాప నాన్న చొక్కా పట్టుకుని "పసుపు" అంది. నాన్న అక్కడే కూలబడి ఏడ్చాడు.

రెండు నెలలుగా పాపను మాటల డాక్టరు దగ్గరికి తిప్పుతున్నాడు. ఇదంతా ఆ డాక్టరు హస్తవాసి అనుకున్నాడు. డాక్టరూ కాదనలేదు.

మాటలు పెరిగాయి. ఎర్రగా ఉంటే యాసిడ్, పసుపుగా ఉంటే సోడా అని నాయనమ్మకు పాఠాలు చెప్పేదాకా వచ్చింది. పిల్ల ఏదో ఆడుకుంటోందిలే అనుకుందావిడ.

ఒక బుధవారం నాన్నకు ఒంట్లో నలతగా ఉండి ఇంట్లోనే ఉండిపోయాడు. కిటికీలోంచి ముసలాయన మాట వినబడింది.

"నాకు రంగులు ఆనవు కదా తల్లీ. నువ్వెలా చెబితే అలాగే పోస్తాను యాసిడ్."

నాన్నకు ఒళ్ళు మండిపోయింది. తన కూతురు కాళ్ళు పెట్టే నీళ్ళవి. చెప్పుల్లేకుండానే పెరట్లోకి వచ్చాడు.

"మీకు రంగులు కనబడవా?"

ముసలాయన పాప వైపు చూశాడు. పాప గొట్టం పట్టుకుని ఆయన పక్కనే నిలబడి ఉంది.

"కనబడవు సార్," అన్నాడు నెమ్మదిగా.

ఒక్క మాట ఉంది, పక్కకు రమ్మని రెండుసార్లు బతిమాలాడు. నాన్న వింటేగా! నోటికొచ్చినట్టల్లా తిట్టి, ఆయన ఎదురుగానే కంపెనీకి ఫోన్ చేసి, కేసు పెడతానన్నాడు. ముసలాయన పాప చేతిలోంచి గొట్టం తీసుకుని, తల నిమిరి, వెళ్ళిపోయాడు.

తరువాతి బుధవారం కొత్తతను వచ్చాడు. మీటరు నీళ్ళలో ముంచాడు, అంకె చూశాడు, మందు కలిపాడు. పది నిమిషాల్లో పని అయిపోయింది. పాప వచ్చి పక్కన నిలబడింది. అతను ఏమీ అడగలేదు. గేటు మూసుకునేదాకా పాప అలాగే నిలబడింది.

మూడు వారాలు తిరిగేసరికి మళ్ళీ మాట బందయింది. ఒక్కోసారి ఇలాగే జరుగుతుందన్నాడు డాక్టరు.

ఆ బుధవారం నాన్న ఆఫీసుకు వెళ్ళలేదు. దిగులుగా పెరట్లో కూర్చున్నాడు. కొత్తతన్ని చూసి, నీకైనా రంగులు కనబడతాయా అని ఎకసెక్కంగా అడిగి, ముసలాయన సంగతి చెప్పాడు.

కొత్తతను తెల్లబోయాడు.

"ఆయనకు కనబడకపోవడమేంటి సార్? మా అందరికీ రంగులు పోల్చడం నేర్పిందే ఆయన."

కొలను పంపు గది తలుపు వెనక ముసలాయన వారం వారం నీళ్ళ లెక్క రాసిన కార్డు వేలాడుతోంది. కొత్తతను తీసి చూపించాడు. పాప నోరు విప్పని మొదటి మూడు వారాలూ రంగు చూసి వేసిన అంకెలు పొల్లుపోకుండా ఉన్నాయి. వాటి పక్కన, 'పాప పలకలేదు'. నాలుగో వారం, 'రెండు మాటలు'. తరువాత ఐదు, పదకొండు. చివరి వారం, 'ఇవాళ లెక్కపెట్టలేకపోయాను'.

నాన్న కార్డు మళ్ళీ మొదటినుంచి చదివాడు. ముసలాయనను వెంటనే పిలిపించమన్నాడు.

"మీరు కేసు అనేసరికి మేనేజరు భయపడి తీసేశాడు సార్. ఆయన గది ఖాళీ చేసి వెళ్ళిపోయారు, ఎక్కడికో ఎవరికీ తెలీదు. పోతూ పోతూ, ఆ ఇంటికి మీటరు పంపొద్దు, రంగుల డబ్బాయే పంపండి అన్నారు. ముసలి చాదస్తం అనుకున్నాం."

నాన్న వ్యానులోంచి ఆ డబ్బా తెప్పించాడు. తనే నీళ్ళు ముంచాడు, చుక్కలు వేశాడు. పాపను పిలిచి, గొట్టం ఎండకు పట్టాడు. నీళ్ళు లేత గులాబీ రంగుకు తిరిగాయి.

"నాకు ఆనడం లేదమ్మా. ఇది ఏ రంగు తల్లీ?"

పాప గొట్టం వైపు చూసింది, నాన్న కళ్ళలోకి చూసింది, తల దించుకుంది.

రోజూ తన గౌనుకు జోడైన రిబ్బను వెతికి కట్టే నాన్నకు రంగులు ఎంత బాగా కనబడతాయో పాపకు తెలుసు.