నూనెక్క తియ్యని చెయ్యి

ఆగండి ఆగండి, పైకి జరిపెయ్యకండి, రెండు నిమిషాలు వినండి. ఒంటిచేత్తో టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

మా అమ్మ నైటీ ఎడమ భుజం మీద నూనె మరక ఉంది.

అరచెయ్యి మరక. మూడు వేళ్లు దగ్గరగా, బొటనవేలు మెడవైపుకి, చిటికెన వేలు మాత్రం ఎవరితోనో అలిగినట్టు దూరంగా.

మొన్న ఉతికాను. నిన్న ఉతికాను. ఇవాళ పొద్దున బీరువాలోంచి కొత్త నైటీ తీసి తొడిగాను, మధ్యాహ్నానికి దాని మీదా అదే.

మొదట్నుంచి చెప్తా.

అమ్మ టైలరు. ఎనిమిది నెలల కిందట పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. మాట మాత్రం పోలేదు. "నోరు పోయుంటే హాయిగా ఉండేది కదే నీకు," అని తనే నవ్వింది ఆసుపత్రిలో.

కానీ మిషను మీద గుడ్డని తిప్పేది ఎడమ చెయ్యే. ఇంటికొచ్చిన రోజే మిషను మీద దుప్పటి కప్పించింది. ఆ మూలకేసి మళ్లీ చూడలేదు.

నేను పనిచేసేది ఆయుర్వేద మసాజ్ సెంటర్లో, నూనెక్క దగ్గర. ఎన్ని సబ్బులు అరగదీసినా ఒంటి మీద నూనె వాసన పోదని అందరూ ఆవిడని అలాగే పిలిచేవాళ్లు. ఎప్పుడో విరిగిన ఆవిడ కుడిచేతి చిటికెన వేలు పక్క వేలి దగ్గరికి వచ్చేది కాదు.

ఆవిడకి ఒకటే రూలు.

"ఒంటి మీద చెయ్యేశాక తియ్యకూడదు పిల్లా. ఒకటి నూనె గిన్నెలోకి వెళ్తే రెండోది ఒంటి మీదే ఉండాలి. కళ్లు మూసుకున్న మనిషిని ఒంటరిగా వదలకూడదు."

"ఎంతసేపక్కా?"

"'అయిపోయింది, మెల్లగా లేవండి' అనేదాకా. చేసేవాళ్లే అనాలి. పడుకున్నవాళ్లు అంటే చెల్లదు."

నేను మర్చిపోయి రెండు చేతులూ తీసేస్తే, "ఏంటే, మనిషనుకున్నావా, పిండిముద్ద అనుకున్నావా?" అని నెత్తి మీద ఒక్కటిచ్చేది.

అమ్మకి రోజూ నాలుగింటికి సెంటర్లో ఆవిడే మసాజ్ చేసేది. నాలుగు నెలలు చేసింది. అమ్మ ఎడమ చేతికి వేడి లేదు, చల్లన లేదు, ఏమీ తెలియలేదు.

మూడు వారాల కిందట, మంగళవారం. వేడినీళ్లలో నూనె గిన్నె పెట్టి, మణికట్టు మీద చుక్కేసి వేడి చూస్తున్నా. వెనక స్టూలు పడిన చప్పుడు.

తిరిగి చూస్తే నూనెక్క మోకాళ్ల మీద కూలబడి ఉంది. తల అమ్మ పడుకున్న బల్లకి ఆనుకుంది. కుడిచెయ్యి మాత్రం అమ్మ భుజం మీదే ఉంది.

డాక్టరు వచ్చేసరికి ప్రాణం లేదు, గుండె ఆగిపోయింది.

ఆ చెయ్యి నేనే తీశాను. ఇంకా వెచ్చగానే ఉంది.

అయిపోయింది అని మాత్రం ఎవ్వరం అనలేదు. ఎవరికి గుర్తొస్తుంది చెప్పండి, అలాంటప్పుడు?

వారం తర్వాత అమ్మ టీ తాగుతూ విసుక్కుంది. "చెయ్యి తియ్యవే, ఒలికిపోతుంది."

నేను గదికి ఆ చివర బట్టలు మడతపెడుతున్నా.

"ఏ చెయ్యమ్మా?"

అమ్మ తన భుజం వైపు చూసింది. నా వైపు చూసింది. కప్పు మెల్లగా కింద పెట్టింది.

"వెచ్చగా ఉందే," అంది.

ఎనిమిది నెలల్లో ఆ భుజానికి వెచ్చదనం తెలియడం అదే మొదలు.

అప్పట్నుంచి ఆ వెచ్చదనం కిందికి దిగుతోంది. మోచేతికి. మణికట్టుకి. టీవీ చూస్తున్నా, తల దువ్వుకుంటున్నా, భుజం మీద బరువు మాత్రం కదలదట.

మొన్న చూపుడు వేలు ఆడింది. నేను అరిచిన అరుపుకి పక్కింటి అంకుల్ చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చాడు. నిన్న బొటనవేలు.

నిన్న సాయంత్రం మిషను మీద దుప్పటి తీయించింది అమ్మ. చక్రం మీద దుమ్ము తుడవమంది.

ఇవాళ నాలుగింటికి నూనె వేడి చేశా. అమ్మ ఇంట్లోనే బల్ల మీద పడుకుంది, కళ్లు మూసుకుంది.

"ఆవిడ చెయ్యి వణుకుతోందే," అంది.

నేను నూనె గిన్నె బల్ల పక్కన పెట్టాను.

"మొదట్లో ఇలా లేదు. నీళ్ల బిందె మోసి మోసి వణికినట్టుంది. అలిసిపోయింది పాపం. ఆ మాటేదో చెప్పి పంపించెయ్యవే."

"మరి నీ చెయ్యి?"

అమ్మ కళ్లు తెరిచి మిషను వైపు చూసింది. మళ్లీ మూసుకుంది.

అమ్మ భుజం మీద నా చెయ్యేశాను.

నా వేళ్ల కింద ఇంకెవరివో వేళ్లున్నాయి. చిటికెన వేలు దూరంగా ఉంది. అమ్మ చెప్పింది నిజమే, వణుకుతోంది.

గిన్నెలో నూనె నేను ముంచకుండానే తగ్గుతోంది.

అమ్మ వేళ్లు రెండు ఆడుతున్నాయి. మిగతా మూడూ ఇంకా ఆడట్లేదు.

ఇదంతా ఒంటిచేత్తో ఎందుకు టైప్ చేస్తున్నానంటే, రెండోది ఇంకా అమ్మ భుజం మీదే ఉంది. ఆ 'అయిపోయింది' అన్న మాట నా నోటి దాకా వచ్చి ఆగింది.

మీరైతే అంటారా?