తాడు కట్టిన దిమ్మ

పక్కింటావిడ చెప్పిందట, క్వారీ దగ్గర ఓ డీజిలు దొంగ మకాం వేశాడని.

ఆవిడకి వాళ్లాయన చెప్పాడట. ఆయనకి లారీ క్లీనరు చెప్పాడట. ఇన్ని నోళ్లు తిరిగొచ్చేసరికి దొంగకి కోరమీసాలూ ఎర్రటి కళ్లూ కూడా వచ్చేశాయి.

"మధ్యాహ్నం కాగానే వచ్చి రాళ్లెత్తే లోడరు వంకే చూస్తూ కూర్చుంటాడటండీ. చేతిలో దుడ్డుకర్రలాంటిదేదో ఉంటుందట," అంది భార్య, మెకానిక్‌కి మారు వడ్డిస్తూ. "మా తమ్ముడు ఒంటరిగా బండి మీదుంటాడు. మీరోసారి వెళ్లి చూసి రండి."

"మీ తమ్ముడి దగ్గర దోచుకోడానికేముందే, ఆకలి తప్ప!"

"నవ్వులాట కాదు. ఇన్నాళ్లకి వాడో సీట్లో కూర్చున్నాడు."

ఆ సీటు ఇప్పించింది మెకానిక్కే.

చుట్టుపక్కల పెద్ద బండ్లకి ఏ జబ్బు చేసినా ఆయనే వైద్యుడు. కిందటి వారం క్వారీ ఓనరు కబురు పెట్టాడు.

"ఎండెక్కాక లోడరు మిట్ట ఎక్కడం లేదట. వెనక్కి జారుతోందని మా డ్రైవరు ఒకటే గొడవ."

మెకానిక్ తన అలవాటు ప్రకారం తెల్లారగానే వెళ్లాడు. బండి చల్లగా ఉంటే చేతులు కాలవు, పని తెమిలిపోతుంది. డ్రైవరింకా డ్యూటీకి రాలేదు. ఆయిలు ప్రెజరు చూశాడు. గేజీలో ముల్లు ఉండాల్సిన చోటే ఉంది.

"బండి బంగారం. నడిపేవాడికే ఒళ్లు వంగడం లేదు," అని తేల్చేశాడు.

"అయితే నీకు తెలిసిన మంచి డ్రైవరెవడైనా ఉన్నాడా?"

ఉన్నాడు. ఇంట్లో ఏడాదిగా ఆ పోరే.

భార్య దొంగ సంగతి చెప్పిన మర్నాడు భోజనం కాగానే మెకానిక్ క్వారీకి వెళ్లాడు. గోతిలోంచి పైకొచ్చే మట్టిదారి పక్కన, బండరాయి నీడలో కూర్చుని ఉన్నాడా మనిషి. మీసాలు లేవు. కళ్లు ఎర్రగా లేవు. ఒళ్లో ఓ చెక్క దిమ్మ, దానికి కట్టిన పొడవాటి తాడు.

"ఎవరయ్యా నువ్వు? ఇక్కడేం పని?"

ఆ మనిషి లేచి నిలబడ్డాడు. "పనేం లేదు మేస్త్రీగారూ. బండి షెడ్డుకెళ్లాక నేనూ వెళ్లిపోతాను."

"బండితో నీకేం చుట్టరికం?"

ఆ మనిషి తాడు చుట్టుకుంటూ గోతివైపు చూశాడు.

వాచ్‌మన్ ఆయాసపడుతూ వచ్చాడు. "మేస్త్రీగారూ, అతను..."

"నువ్వాగు! ముందు నిన్నడగాలి. దొంగలకి నీడ ఇస్తున్నది నువ్వేలాగుంది."

మెకానిక్ ఆ దిమ్మ లాక్కుని తన వ్యానులోకి గిరాటేశాడు.

"అదొక్కటీ ఉంచండి సార్!" అప్పుడు మాత్రం ఆ మనిషి గొంతు పెరిగింది.

"ఎందుకు, ఎవడి నెత్తిన వెయ్యడానికి?"

ఆ మనిషి వెళ్లలేదు. నాలుగడుగులు పక్కకి నడిచి, మళ్లీ కూర్చున్నాడు.

మెకానిక్ వ్యాను ఎక్కబోతుంటే లోడరు మిట్ట ఎక్కుతూ కనిపించింది. బకెట్టు నిండా రాళ్లు. పైనుంచి బావమరిది హుషారుగా చెయ్యూపాడు.

సగం దారిలో ఇంజను గొంతు చించుకుంది. చక్రాలు మాత్రం నిలిచిపోయాయి.

ఆ అరుపు వినగానే మెకానిక్‌కి సంగతి తెలిసిపోయింది. పొద్దున చిక్కగా ఉన్న ఆయిలు ఇప్పుడు కాగి నీళ్లలా పలచబడింది. అరిగిన పంపు దాన్ని పట్టి ఉంచలేకపోతోంది. ఇంజను బలం చక్రాల దాకా చేరడం లేదు.

లోడరు వెనక్కి కదిలింది.

"బావా!"

బావమరిది బ్రేకు మీద నిలబడ్డాడు. అంత బరువుకి బండి నెమ్మదించింది గానీ ఆగలేదు. వెనక గొయ్యి.

ఎవరో పరిగెత్తారు. మెకానిక్ కాదు; ఆయన వ్యాను తలుపు పట్టుకుని నిలబడిపోయాడు. ఆ మనిషి చేతికందిన రాయి ఎత్తి వెనక టైరు కింద ఇరికించాడు. బండి ఆగింది. చెయ్యి వెనక్కి తీసుకునే వ్యవధి మాత్రం అతనికి దొరకలేదు.

ఆ మనిషిని మెకానిక్ వ్యానులోనే ఆస్పత్రికి తీసుకెళ్లారు. మలుపు తిరిగినప్పుడల్లా దిమ్మ దొర్లుకుంటూ వచ్చి అతని పాదాలకి తగులుతోంది. దానికి తాడెందుకో అప్పటికి అర్థమైంది మెకానిక్‌కి. తాడు పట్టుకుని దూరం నుంచే టైరు కిందికి విసరొచ్చు. చెయ్యి దగ్గరికి పోనక్కర్లేదు.

కాలితో దాన్ని సీటు కిందికి నెట్టాడు. అది మళ్లీ వచ్చింది.

"ప్రాణానికి భయం లేదు. కుడి చెయ్యి మాత్రం తీసెయ్యక తప్పలేదు," అన్నాడు డాక్టరు.

ఆస్పత్రి వరండాలో బల్ల మీద ఆ మనిషి భార్య కూర్చుని ఉంది. మెకానిక్ భార్య వెళ్లి ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"మీ ఆయనెవరో గానీ, మా తమ్ముడి పాలిట దేవుడు తల్లీ!"

ఆమె చేతులు విడిపించుకుంది.

గోడవారగా నిలబడ్డ బావమరిది నసిగాడు. "మొన్నట్నుంచీ కొంచెం జారుతున్నట్టే ఉంది బావా. చెబితే నీకు మాటొస్తుందని ఊరుకున్నాను."

మెకానిక్ అతని వైపు చూడలేకపోయాడు. బల్ల ముందుకొచ్చి నిలబడ్డాడు.

"బండి జారుతుందని ఆయనకి తెలుసు కదమ్మా. ముందే ఒక్క మాట చెప్పొచ్చు కదా?" నిలదీసినట్టు లేదు ఆ గొంతు, బతిమాలుకున్నట్టుంది.

ఆమె తలెత్తి చూసింది.

"చెప్పాడు కదయ్యా. చెప్పినందుకే కదా ఆయన్ని దింపేసి, ఆ సీట్లో మీ బావమరిదిని కూర్చోబెట్టారు."