వేణ్ణీళ్ళ పడవ

"మళ్ళా కారతా ఉండాదే!" అని తొట్టిలోంచి మామ పోలేరయ్య కేకేసేసరికి, పొయ్యి ముందు కూర్చున్న చెంచమ్మ నీరుగారిపోయింది.

రేపు విడవలూరులో ఆమె తమ్ముడి పెళ్ళి. తొట్టి కారడం ఆగితేనే ప్రయాణమని అత్త మస్తానమ్మ తెగేసి చెప్పింది. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. చలి తగ్గేవరకు రోజూ పొద్దున్నే నడుము లోతు వేణ్ణీళ్ళలో కూర్చోకపోతే ముసలాయన మోకాళ్ళు బిగుసుకుపోతాయని కావలి డాక్టరు చెప్పాడు. జువ్వలదిన్నెలో అంతంత తొట్లు ఎవరింట్లో ఉంటాయి? చెంచమ్మ మొగుడు రమణయ్య పాత పడవను అడ్డంగా కోసి, కోసిన వైపు పలకలు కొట్టి, పెరట్లో ఆనించాడు. అతను చీకటితోనే వేటకు పోతాడు. తొట్టి కారిందంటే ఒకరు సందును అదిమిపట్టుకుని కూర్చోవాలి, ఇంకొకరు కాగులోంచి వేణ్ణీళ్ళు మోసుకొచ్చి పోస్తుండాలి. ఉన్నది అత్తా కోడళ్ళిద్దరే.

పడవలు బాగుచేసే మునెయ్య నిన్ననే వచ్చి చూశాడు. అలవాటుకొద్దీ సందుల్లో బయటినుంచి కొబ్బరి పీచు కూరి, గుగ్గిలం పూశాడు. నీళ్ళు పోయగానే ఆ బరువుకు పీచంతా బయటికి తన్నుకొచ్చింది. "సముద్రాన్ని లోపలికి రానీకుండా చేసేది తెలుసు గాని, బయటికి పోనీకుండా చేసేది నాకేం తెలుసు?" అని గొణుక్కుంటూ మళ్ళీ లోపలినుంచి కూరాడు. రాత్రంతా చుక్క కారలేదు. చెంచమ్మ చీరలు మూట కట్టుకుంది.

ఇప్పుడేమో మళ్ళీ మొదటికొచ్చింది.

మస్తానమ్మ నెత్తికెత్తుకోబోయిన చేపల బుట్ట దించింది.

"ఏందయ్యా, నువ్వు కూర్చుంటేనే కారాల్నా అది?"

"నన్నడిగితే? తొట్టినడుగు."

"ఆ మునెయ్య చేతులు పడిపోను! పనంటే పనిగా చేసినాడా?"

తిట్టుకుంటూనే ఆమె గోనెపట్ట పరుచుకుని తొట్టి పక్కన చతికిలపడింది. తడిగుడ్డ ఉండచేసి సందుకు అదిమిపట్టింది. చేతులు అక్కడ ఇరుక్కుపోయినా నోరు ఖాళీగానే ఉంది.

"కావలిలో ఒకామె ఉండాది. చేప ధర కొత్త పైసల్లో చెప్తే అణాల్లో చెప్పమంటాది. అణాల్లో చెప్తే అంతెందుకంటాది."

"నువ్వేం జేసినావు?"

"వంజరం చేపను ఆమె ముక్కు ముందర ఒకసారి ఆడించి, పక్కింటామె చేతిలో పెట్టొచ్చినా."

పోలేరయ్య నీళ్ళు ఎగిరిపడేటట్టు నవ్వాడు.

చెంచమ్మకు నవ్వు రాలేదు. బిందెడు వేణ్ణీళ్ళు తెచ్చి పోసి, సందు ఏ మాత్రం తెరుచుకుందో చూద్దామని నీళ్ళలోకి చెయ్యి పెట్టింది. మామ కాలి బొటనవేలు తగిలింది. అది పీచును గీకుతూ ఉంది.

వేలు ఠక్కున ఆగిపోయింది. పోలేరయ్య గోడ మీది కాకిని చూడసాగాడు.

మస్తానమ్మ పొయ్యిలోకి సరుగుడు పుల్లలు ఎగదోయడానికి లేచిపోగానే చెంచమ్మ వంగింది.

"మామా! ఏందిది?"

"అరవబాకు తల్లీ. బుట్ట నెత్తికెత్తిందంటే పొద్దుగూకిందాకా మనిషి కనపడదు. కారితేనే గదా నా పక్కన కూర్చుండేది!"

"బాగుండాది. రేపు నా తమ్ముడి పెళ్ళి."

ముసలాయన ముఖం చిన్నబోయింది. ఆ సంగతి ఆయనకు తట్టినట్టే లేదు. కాసేపు నీళ్ళలో చేతులు ఆడించి, పొయ్యి దగ్గరున్న పెళ్ళాన్ని కేకేశాడు.

"ఏమే! పిల్లను పెళ్ళికి పంపించు. ఆమె తిరిగొచ్చిందాకా నువ్వు బేరం మానుకోని ఇంటికాడే ఉండు."

చెంచమ్మ అత్త వైపు చూసింది. జ్వరంలో కూడా బుట్ట దించని మనిషిని బేరం మానుకోమంటే ఊరుకుంటుందా?

మస్తానమ్మ పొయ్యి ఊదడం ఆపలేదు. వెనక్కి తిరగనూ లేదు.

"సరే, పొమ్మను. పెళ్ళికి పోకపోతే వాళ్ళమ్మ నన్నే గదా ఆడిపోసుకునేది. ఏం చూస్తా నిలబడినావు చెంచమ్మా? బస్సు నీ కోసరం ఆగతాదా?"

చెంచమ్మ ఇంకో మాట అననీయకుండా మూట చంకన పెట్టుకుని బయటపడింది.

రేవు పక్కన మునెయ్య ఒక పడవకు గుగ్గిలం పూస్తూ కనిపించాడు. ఏ తప్పూ లేకుండా పొద్దున్నే తిట్లు తిన్న మనిషి. చెంచమ్మ జాలిపడి ఆగింది.

"మునెయ్యన్నా, మా అత్త ఎవురిదగ్గరన్నా నిన్ను తిడతా ఉంటే మనసులో పెట్టుకోబాకు. నువ్వు గట్టిగానే వేసినావు. తప్పు నీది కాదు."

"గట్టిగా యాడేసినానమ్మా?" అన్నాడు మునెయ్య తలెత్తి. "కడమ సందులన్నీ నీ ఇష్టం, ఆయన కాలికాడ సందు మాత్రం బొటనవేలికి ఊడొచ్చేటట్టు పెట్టమని మీ అత్తే గదా నాకు చెప్పింది!"