మురుకుల దొంగ

భాగ్య మురుకులను లెక్కపెట్టి డబ్బాలో పోస్తుందా, చేతికొచ్చినన్ని పోస్తుందా? ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో రఘుపతికి తీరని అనుమానం ఇదొక్కటే. దొంగతనం మొదలుపెట్టిన రోజు నుంచి ఆ అనుమానం కాస్తా గుబులైంది.

మెదక్ బస్టాండులో మెట్టు జారి అతని కాలు విరిగి మూడు నెలలు. పిండికట్టు విప్పారు, ఎముక అతికిందన్నారు, రోజూ ఎంతెంత నడవాలో డాక్టరు కాగితం మీద రాసిచ్చాడు. రఘుపతి ఆ కాగితాన్ని రెండు ముక్కలు చేసి కిటికీలోంచి పారేశాడు. మళ్ళీ పడతానేమోనని భయం. ఆ భయానికి నొప్పి అని పేరు పెట్టాడు. బాత్రూముకు పోవాలన్నా భాగ్య భుజమే దిక్కు. అంగన్‌వాడీ టీచరైన ఆమెకు సెలవు ఇంకా ఇరవై రోజులే మిగిలింది.

ఒక మధ్యాహ్నం భాగ్య పక్కింటి ఫేబ దగ్గరికి వెళ్ళింది. ఎదుటి గూట్లో మురుకుల డబ్బా. మంచానికి ఆరడుగుల దూరం. రఘుపతి గోడ పట్టుకుని వెళ్ళి, రెండు తిని, వచ్చి పడుకున్నాడు.

సాయంత్రం భాగ్య మూత తీసి కేకేసింది. "నా మురుకులు ఎవరు తిన్నరు?"

"నాకేమెరుక? నేను మంచం దిగితనా?"

"అయితే గా ఎబినేజర్ అన్ననే! పొద్దుగాల పేపర్ సదవనీకి వచ్చిండు గదా."

ఎబినేజర్ ఫేబ భర్త. బడిలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరైన పెద్దమనిషి. అలాంటివాడి మీద నింద పడుతుంటే రఘుపతి దుప్పటి ముసుగేసుకున్నాడు.

మర్నాడు డబ్బా వంటింట్లోకి మారింది. భాగ్య పక్కింటికి పోగానే రఘుపతీ అక్కడికే వెళ్ళాడు. తర్వాత పెరటి అరుగు మీదికి మారింది. మూడు మెట్లు కూర్చుని కూర్చుని దిగాడు. పక్షం తిరిగేసరికి అది మేడమీది గదికి చేరింది. అప్పటికి రఘుపతి గోడను వదిలేశాడు. పడతానన్న భయం పోయి, పట్టుబడతానన్న భయమే మిగిలింది.

రోజూ సాయంత్రం భాగ్య ఎబినేజర్‌ను తిట్టేది. రోజూ పొద్దున ఆయన వచ్చి నవ్వుతూ, "కాలెట్లుంది రఘుపతీ?" అనేవాడు.

"గట్లనే ఉంది సార్," అని రఘుపతి తల వంచుకునేవాడు.

సెలవు ఆఖరి రోజున భాగ్య తేల్చేసింది. "నడువు, ఏడుపాయలకు పోదాం. దుర్గమ్మ ముంగట ఆన పెడతా. తిన్నోడు ఎవడో అమ్మనే చూపిస్తది."

"మురుకులకు ఆన ఏందే?"

"నీకు మురుకులు. నాకు ఇజ్జత్."

ఆటో దిగగానే ఆమె కొబ్బరికాయ అతని చేతిలో పెట్టి చరచరా ముందుకు నడిచింది. పట్టుకోవడానికి భుజం లేదు. రఘుపతి చెమటలు తుడుచుకుంటూ వెనకే నడిచాడు. తొమ్మిదేళ్ళ కింద భాగ్య టైఫాయిడ్‌తో మంచాన పడితే, ఆమె లేచి తిరిగితే ఇదే దారిన నడిచొచ్చి కొబ్బరికాయ కొడతానని మొక్కాడు. ఆమె లేచింది. ఎండ అనీ, తీరిక లేదనీ ఇతనే రాలేదు. ఇప్పుడు ఆ తల్లి ముందరే అబద్ధమాడాలా?

గుడి దగ్గర భాగ్య నోరు తెరిచేలోపే అతను కొబ్బరికాయ కొట్టేసి, "నేనే తిన్న! ఎబినేజర్ సార్ పాపమెరుగడు!" అన్నాడు.

భాగ్య కోప్పడలేదు. చేతిసంచిలోంచి, రెండు ముక్కలు అతికించిన డాక్టరు కాగితం తీసింది. వెనకవైపు వరుసగా రాసుంది: ఆరడుగులు, వంటిల్లు, మూడు మెట్లు, మేడ. ఒక్కొక్క దాని పక్కన లెక్కల మాస్టారి ఎర్ర టిక్కు, తేదీ, ఆ రోజు తగ్గిన మురుకులెన్నో ఆ అంకె.

అన్నిటికంటే కింద, భాగ్య గుండ్రని అక్షరాల్లో ఉన్న "దుర్గమ్మ మొక్కు" పక్కన మాత్రం ఖాళీ ఉంది; ఆమె ఎర్ర పెన్ను మూత తీసి అతని చేతికిచ్చింది.