తాడిచెట్టు గురుతు

"నన్నడక్కుండా దీనికి రంగు పూసిందెవుడు?"

ఇసకదిబ్బ మీది తాడిచెట్టుకి వీపు ఆనించి నిలబడి అరిచాడు కొర్లయ్య. చెట్టు మొదట్లో ఎర్రటి గుర్తు ఇంకా ఆరలేదు. అది వేయించిన ఇంజనీరు స్టీవెన్ అనకాపల్లి నుంచి వచ్చాడు. ఉప్పుటేరుకీ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న ఈ లంకలో గాలిమరలు పెడతామంటోంది అతని కంపెనీ. ఊరు ఒప్పుకుంటేనే పని మొదలు. అందుకే ఆ రోజు వేట మానేసి జనమంతా దిబ్బెక్కారు.

"మొదటి ఫ్యాన్ ఇక్కడే వస్తుంది పెద్దాయనా. చెట్టు తియ్యక తప్పదు," అన్నాడు స్టీవెన్.

"తీసీడానికి ఇదేటి నీ పెరట్లో మునగసెట్టా? ఇది నా గురుతు!"

ఆ మాటకి ఎవరూ నవ్వలేదు. సముద్రంలో ఒక చోట పడవ ఆపి చూస్తే ఈ తాడిచెట్టు, వెనకున్న కొండ ఒకే వరసలోకి వస్తాయి. అక్కడ నీళ్లకింద రాతిగుట్ట, దాని చుట్టూ వంజరం చేప. కొండలో ఏ వంపుకి చెట్టు సరిపోవాలో కొర్లయ్యకి తండ్రి చెప్పాడు. కొర్లయ్య కట్టుకున్న పెళ్లానికి కూడా చెప్పలేదు. చెట్టు పోతే ఆ చోటూ పోయినట్టే.

"నీ సోటు నువ్వే దాసుకో," అంది ఆ పెళ్లామే, అచ్చియమ్మ. "గంప నెత్తినెట్టుకుని నావ కోసం ఏటొడ్డున నిలబడేది నేను. తుని సేరేతలికి సగం సేప మెత్తబడిపోతంది. ఈళ్లు వంతెన ఏత్తామంటన్నారు."

"క్రేన్లు రావాలంటే వంతెన కట్టాల్సిందేనమ్మా," అన్నాడు స్టీవెన్.

"కరెంటు మాకా, పట్నానికా?" అడిగారెవరో.

"ముందు పట్నానికే. మీకు వేరే లైను లాగుతాం." స్టీవెన్ దాచలేదు.

"రెక్కల నీడ పడితే ఒడ్డుకొచ్చే సేప బెదిరిపోదా?"

"మరి వలలెక్కడ ఆరేసుకోవాల?"

వంతెన కావాలన్నవాళ్లు అచ్చియమ్మ వెనక చేరారు. ఫ్యాన్లు వద్దన్నవాళ్లు చెట్టు వైపు జరిగారు. కొర్లయ్య చెల్లెలి మొగుడు సన్యాసిరావు మాత్రం మధ్యలో నిలబడి బుర్ర గోక్కున్నాడు.

"బావా, రెండేళ్లుగా నీ పడవలోకి ఒక్క వంజరమేనా ఎక్కిందా? అక్కడింకా ఏటుందని?"

"పెద్ద బోట్లోళ్లు ఊడ్సీసేరు. మళ్లీ వత్తాది సేప," అన్నాడు కొర్లయ్య తల తిప్పుకుని.

సన్యాసిరావుకి జాలేసింది. ఇంజనీరు దగ్గరికెళ్లాడు. "బాబూ, సెట్టు వదిలీసి ఆ ఫేను కాస్త అవతల పెట్టుకోండి. మాకు వంతెన వత్తాది, మా బావకి గురుతుంటాది."

స్టీవెన్ మ్యాపు చూసి, అడుగులేసి చూసి, ఒప్పుకున్నాడు. "సరే, ఆ మొగలిపొదల దగ్గరికి జరుపుతాను."

ఊరంతా ఊపిరి పీల్చుకుంది. చెట్టు వైపు నిలబడ్డవాళ్లు కూడా తలూపారు. కొర్లయ్య ఒక్కడే కదల్లేదు.

"బాబూ, ఆ ఫేను ఎంత ఎత్తుంటాది?"

"ఇలాంటి చెట్లు ఐదారు ఒకదాని మీదొకటి నిలబెట్టినంత."

"ఏటి రంగు?"

"తెలుపు."

"సముద్రం మీద నించి అగుపడతాదా?"

"ఎంతో దూరం నుంచి కనిపిస్తుంది. కనపడదన్న బెంగే వద్దు."

కొర్లయ్య వెనక్కి తిరిగి చెట్టు మీద అరచెయ్యి వేశాడు. రంగు చేతికంటింది. తల పైకెత్తి చెట్టు కొస వైపు చూశాడు.

"అయితే సెట్టు కొట్టీండి," అన్నాడు. "ఫేను ఇక్కడే పెట్టాల. జానెడు అటూ ఇటూ అయినా నేనొప్పుకోను."

జనం తెల్లబోయారు.

"మతిగాని పోయిందేటి బావా?" సన్యాసిరావు కసిరాడు. "నీ సెట్టు నీకుంచుతామంటే వద్దంటావేటి?"

కొర్లయ్య పెళ్లాం ముఖం చూడలేక కింద ఇసక వైపు చూశాడు.

"సముద్రం మీద నించి ఆ సెట్టు నా సూపుకి ఆనక రెండేళ్లయింది, బావా."