వకుళ బల్ల మీది దీపం

వకుళ బడి మానేసిన రోజు మా అయిదో తరగతిలో ఒక్క దీపమూ ఎర్రబడలేదు. పిల్లల ధ్యాసను కనిపెట్టే దీపం మా బడిలో ప్రతి బల్ల మీదా ఉంటుంది; ధ్యాస తప్పితే అది ఎర్రబడుతుంది. మేం టీచర్లం దాన్ని చూసే పాఠం చెబుతాం. వకుళ దీపం రోజుకు పదిసార్లు ఎర్రబడేది.

“ఎక్కడున్నావే?” అంటే, “వింటూనే ఉన్నా టీచర్, మధ్యలో మాట తెగిపోయింది” అనేది. పిల్లలు నవ్వేవారు. నేను నిలబెట్టేదాన్ని.

అలా మాట తెగిపోవడం పరధ్యానం కాదని, అవి క్షణంపాటు వచ్చే మూర్ఛలని డాక్టరు చెప్పాక, వాళ్ళమ్మ టీసీ కోసం వచ్చింది.

“దీపం చూశారు గానీ, పిల్ల మొహం చూళ్ళేదు గదా టీచరమ్మా!”

నిజమే. ఆ క్షణాల్లో వకుళ కళ్ళు ఎలా ఉండేవో నాకు తెలియదు.

మధ్యలో తెగిపోయిన ఆ పాఠాలను నేనింకా వకుళకు మళ్ళీ చెప్పలేదు.